మా పెరటి సెంట్రిఫ్యూజ్

మా అమ్మాయి జెట్ విమానం నడుపుతానని, ఆ తర్వాత రాకెట్ ఎక్కుతానని ప్రకటించినప్పుడు మేం చోడవరం నుంచి విశాఖపట్నం వెళ్ళే బస్సులో ఉన్నాం. ప్రకటన సగంలో ఉండగానే నా ఒళ్ళో వాంతి చేసుకుంది. బస్సు ఇంకా వెంకన్నపాలెం కూడా దాటలేదు. పక్క సీటావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఏటవుతాదంట గుంట?" అని అడిగింది. "పైలట్ అవుతుందట" అన్నాను. ఆవిడ నా చీర వంక చూసి, గుంట వంక చూసి, లేచి ఇంకో సీటు వెతుక్కుంది.

దానికి బస్సు పడదు. చిన్నప్పటి నుంచీ అంతే. ఆటో పడదు. కారైతే ఆ ఏసీ వాసనకి తలుపు వేయగానే మొహం పాలిపోతుంది. నిమ్మకాయ వాసన చూపించాం, అల్లం ముక్క బుగ్గన పెట్టాం, చింతపండు చప్పరించమన్నాం. ఎవరో చెప్పారని పొట్ట మీద న్యూస్ పేపరు మడతపెట్టి కట్టాం. ఆ పేపరు మీదే కక్కింది. మందుల షాపులో ఇచ్చిన మాత్ర వేస్తే వాంతి ఆగుతుంది గానీ ఇక ఆ రోజంతా నిద్రే. దిగాల్సిన స్టాపులో దాన్ని దించాలంటే కండక్టరు ఒక రెక్క, నేనొక రెక్క పట్టుకోవాలి. ఈ రూట్లో తిరిగే కండక్టరు ఒకాయనైతే టిక్కెట్టు కొట్టకముందే "కవరుందా అమ్మా?" అని అడుగుతాడు. అంత పేరు తెచ్చుకుంది నా కూతురు.

నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. ఎన్నాళ్ళని పాలిథిన్ కవర్లు పట్టుకు తిరగడం, అవి చిరిగిపోయి నా చీరలు పాడవడం? ఒకరోజు ఒళ్ళు మండి, మిగిలిపోయిన జాకెట్టు గుడ్డతో ఒక సంచి కుట్టాను. లోపల పాత రెయిన్ కోటు గుడ్డ అతికాను, చుక్క కారదు. పైన నాడా పెట్టాను, లాగితే మూతి మూసుకుపోతుంది. ఎవరి పెళ్ళి జాకెట్టుదో నాలుగు వేళ్ళ జరీ ముక్క మిగిలితే దాన్ని అంచుకి వేశాను. చూసినవాళ్ళు తాంబూలం సంచి అనుకోవాలి, అదీ నా ఉద్దేశం. చాలా ముద్దుగా వచ్చింది. మా అమ్మాయి మాత్రం దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని గోడ దగ్గరికి తీసుకెళ్ళింది.

"అమ్మా, ఇటు సూడు. ఈళ్ళల్లో ఒక్కరి సేతిలోనైనా సంచి ఉందా?"

గోడ నిండా దాని బొమ్మలు. ఇంటర్నెట్ సెంటర్లో ప్రింటు తీయించి అంటించుకుంది. అందరూ రోదసికి వెళ్ళొచ్చినవాళ్ళే, అందరూ అంతకుముందు మిలిటరీ జెట్ విమానాలు నడిపినవాళ్ళే. అలా కానివాళ్ళకి మా గోడ మీద చోటు లేదు. ఆడవాళ్ళూ ఉన్నారు, మగవాళ్ళూ ఉన్నారు, రకరకాల దేశాలవాళ్ళు. అందరూ హెల్మెట్ ఒకటి చంకలో పెట్టుకుని, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ, పెళ్ళి ఫొటోలో నిలబడ్డట్టు నిలబడతారు. నేను వాళ్ళని గోడ మీది పెళ్ళివారు అంటాను. ఎవరే జెట్ నడిపారో అదంతా దానికి కంఠస్థం. మొదట్లో ఏ దేశమైనా రోదసికి పంపడానికి మిలిటరీ పైలట్లనే వెతికిందట. మన దేశం నుంచి అందరికన్నా ముందు వెళ్ళినాయనా జెట్ పైలటే, ఈ మధ్య వెళ్ళొచ్చినాయనా జెట్ పైలటే. తలకిందులైనా బుర్ర పనిచేసేవాళ్ళు కావాలట.

"సైంటిస్టుగా వెళ్ళకూడదటే? వాళ్ళూ వెళ్తున్నారుగా. చక్కగా కూర్చుని చదువుకోవచ్చు" అన్నాను.

"నాకు జెట్ కావాలి" అంది.

కావాలంటే కావాలి, అంతే. మొండితనం మా అత్తారి వైపుది. ఇంటర్ అయ్యేసరికి మిలిటరీ అకాడమీ పరీక్షకి అప్లై చేసింది. ఆడపిల్లల్ని కూడా తీసుకుంటున్నారు ఇప్పుడు. అందులో సీటొస్తే శిక్షణ, శిక్షణ అయితే జెట్, జెట్ అయితే ఎప్పటికో రాకెట్. అంతా బాగానే ఉంది. పరీక్ష మాత్రం విశాఖపట్నంలో. మా ఆయనకి ఆ వారం కంపెనీలో డ్యూటీ గానీ, లేకపోతే మోటారు సైకిలు మీద దింపేవారే. ఆ మాట అంటే అది ససేమిరా అంది. "బస్సుకి భయపడి బండెక్కినదానికి జెట్ ఎవలిస్తారమ్మా?" బస్సులోనే వెళ్తుంది, వాంతి లేకుండా దిగుతుంది, దిగి పరీక్ష రాస్తుంది. అలా పందెం వేసుకుంది తనతో తానే. బస్సే పడకపోతే ఇక మిగతాదంతా ఉత్త మాటలేనని దాని భయం. పైకి చెప్పలేదు గానీ నాకూ అదే భయం.

ఇదంతా మా మావగారు విన్నారు.

మా మావగారు ఇక్కడి చక్కెర ఫ్యాక్టరీలో సెంట్రిఫ్యూగల్ మిషన్ మీద పనిచేసి రిటైరయ్యారు. ఆయన మాటల్లో చెప్పాలంటే, చెరకు రసం మరిగి మరిగి ఎర్రగా చిక్కటి ముద్దవుతుంది. ఆ ముద్దలో పంచదార పలుకులూ, మడ్డీ కలిసి ఉంటాయి. దాన్ని చిల్లుల డ్రమ్ములో పోసి గిర్రున తిప్పుతారు. మడ్డంతా చిల్లుల్లోంచి బయటికి పోతుంది, పంచదార గోడకి అంటుకుని నిలబడుతుంది. మధ్యలో నీళ్ళు చల్లితే తెల్లగా తేలుతుంది. ఈ కథ మా ఇంట్లో అన్నం కంటే ఎక్కువసార్లు వడ్డించబడింది. పెళ్ళిచూపులకి వెళ్ళిన ఇంట్లో కూడా చెప్పారు. నా పెళ్ళిచూపులే అవి.

ఒక సాయంత్రం టీవీలో రోదసి యాత్రల మీద కార్యక్రమం వస్తోంది. జెట్ పైలట్లకీ, రోదసికి వెళ్ళేవాళ్ళకీ ఇచ్చే శిక్షణ చూపిస్తున్నారు. పెద్ద ఇనుప చెయ్యి, దాని చివర గది, ఆ గదిలో మనిషి. ఆ చెయ్యి గిర్రున తిరుగుతోంది. లోపలి మనిషి బుగ్గలు కిందికి జారిపోతున్నాయి. "దీన్ని సెంట్రిఫ్యూజ్ అంటారు" అని టీవీ అమ్మాయి చెప్పిందో లేదో, మావగారు పడక్కుర్చీలోంచి లేచిపోయారు.

"ఓలమ్మ! కోడలా, ఇలా రా! అది మా మిషనే! మా మిషన్లో మనుసుల్ని పెట్టి తిప్పతన్నారు!"

"అది వేరండీ మావయ్యా" అన్నాను.

"ఏరేటి? పేరదే, తిప్పుడదే. మడ్డి ఉన్న పైలట్లు ఇటు పోతారు, పంచదార ఉన్నోళ్ళు అటు ఎల్తారు. రాకిట్లోకి పంచదారనే పంపుతారు. ఇన్నాళ్ళూ ఈ సంగతి నాకెవలూ సెప్పనేదేటి?"

ఆయన కళ్ళల్లో ఏదో వెలుగొచ్చింది. మర్నాడు పొద్దున లేచేసరికి పెరట్లో వేప కొమ్మకి ఉయ్యాల వేలాడుతోంది.

శిక్షణ అంటే ఇదీ. మా అమ్మాయిని ఉయ్యాల పలక మీద కూర్చోబెడతారు. తాడు ఇక బిగియలేనంత వరకు మెలిపెడతారు. "సార్జింగ్!" అని అరుస్తారు. అంటే డ్రమ్ములో సరుకు పోసినట్టు. వదిలేస్తారు. అది బొంగరంలా తిరుగుతుంది, జడ అడ్డంగా ఎగురుతుంది. సరిగ్గా జోరు మీద ఉండగా "వాష్!" అని ఇంకో కేక వేసి, చెంబుడు నీళ్ళు దాని మొహాన కొడతారు. పంచదార తెల్లబడాలంటే మధ్యలో నీళ్ళు కొట్టాలి కదా మరి. మనిషిక్కూడా అదే పద్ధతి. ఆ గుంట ఆగి, దిగి, రెండడుగులు వంకరగా వేసి, కరివేపాకు మొక్క మొదట్లో కక్కుతుంది. నేను తువ్వాలు పట్టుకుని పరిగెడతాను.

మావగారు మాత్రం ఆనందం పట్టలేరు. "సూసేవా కోడలా! మడ్డి దిగతంది!"

"మడ్డి కాదండీ, పొద్దున పెట్టిన ఉప్మా అది!"

"నీకు తెల్దు. ఎంత పోతే అంత మంచిది. మడ్డంతా పోయేక ఇంక పోడానికేటుంటాది? పంచదారే."

నాకు అరవాలని ఉండేది. కానీ మా అమ్మాయి నోరు తుడుచుకుని, "తాతా, ఇంకోసారి" అని మళ్ళీ ఎక్కేది. వాళ్ళిద్దరిదీ ఒక పార్టీ, ఉప్మా వండే నాదొక పార్టీ. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, "ఏటమ్మా, గుంటకి గాలేటైనా సోకిందా? భూతవైద్యుణ్ణి పిలవమంటావేటి?" అని గుసగుసగా అడిగింది. "లేదండీ, పరీక్షకి చదువుకుంటోంది" అన్నాను. ఆ కరివేపాకు మొక్క ఆ రోజుల్లో ఎంత ఏపుగా పెరిగిందో చెప్పలేను. పప్పులో వేయడానికి మాత్రం నాకు మనసొప్పలేదు. బజార్లో కొనుక్కునేదాన్ని.

నిజం చెప్పొద్దూ, కొన్నాళ్ళకి ఉయ్యాల మీద వాంతులు ఆగిపోయాయి. ఎంత తిప్పినా దిగి నిటారుగా నడుస్తోంది. మావగారు "ఏ గ్రేడు పంచదార" అని ప్రకటించి వీధిలో అందరికీ పటికబెల్లం పంచారు. ఆ ఊపులో దాన్ని అనకాపల్లి బస్సు ఎక్కించాను, చిన్న పని మీద. సగం దారిలోనే కక్కింది. ఇంటికొచ్చి చెబితే ఆయన కాసేపు మీసం దువ్వుకుని ఆలోచించారు.

"అది బస్సు మడ్డి" అన్నారు. "ఇది ఉయ్యాల మడ్డి. ఏరే, ఏరే."

ఇలా ఉండగా అసలు కొంప మునిగింది. అది పరీక్షకి ఫోన్లోనే కోచింగ్ తీసుకుంటోంది. ఒక ఆదివారం క్లాసుకి అతిథిగా వాయుసేనలో జెట్లు నడిపి రిటైరైన సారొకాయన వస్తున్నారని చెప్పారు. ఆ రోజు అది తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫోన్ని స్టీలు డబ్బాకి ఆనించి కూర్చుంది. పక్కనే మావగారు, బనీనుతో. "తాతా, నువ్వు మాట్లాడకూడదు" అని ముందే ఒట్టు వేయించుకుంది. నేను వెనక కుట్టు మిషన్ దగ్గర ఉన్నాను.

ఆయన చాలా బాగా మాట్లాడారు. విమానం గట్టిగా మలుపు తిరిగినప్పుడు ఒంట్లో రక్తం కాళ్ళలోకి దిగిపోతుందని, కళ్ళ ముందు చీకటి కమ్ముతుందని చెప్పి, అప్పుడు కాళ్ళూ పొట్టా బిగబట్టి ఊపిరి ఎలా పీల్చాలో చూపించారు. అందుకే ముందుగా సెంట్రిఫ్యూజ్‌లో కూర్చోబెట్టి తిప్పుతారని చెప్పారు. ఆ మాట వినబడగానే మావగారి ఒట్టు గట్టు మీదికెక్కింది. చెయ్యి చాపి, మైకు గుర్తు మీద నొక్కేశారు. ఆ గుర్తు ఏదో ఆయనకి ఎవరు నేర్పారో నాకిప్పటికీ తెలీదు.

"బాబూ, నమస్కారం. నిమిసానికెన్ని సుట్లు బాబూ అది?"

ఆయన ఉలిక్కిపడి, నవ్వి, "ఎక్కువుండవండీ. చెయ్యి పొడుగు కాబట్టి కొద్ది చుట్లే చాలు" అన్నారు.

"ఓసింతేనా! మాది ఎయ్యి దాటతాది."

"మీది ఏమిటండీ?"

"పంచదార మిషను."

"అందులో కూర్చుంటే నేను పంచదార అయిపోయేవాడినండీ" అన్నారాయన. ఫోన్లో పిల్లలంతా నవ్వారు. మా అమ్మాయి కూడా నవ్వింది. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! మావగారికి ఉత్సాహం తన్నుకొచ్చింది.

"బాబూ, ఇంకొక్క మాట. మా గుంట బస్సెక్కితే కక్కేస్తాది. ఎన్నిసార్లు తిప్పినా బస్సులో కక్కేస్తాది. మరి జెట్టుకి పనికొస్తాదంటారా?"

ఫోన్లో నవ్వులు ఇంకా పెరిగాయి. అంతమంది పిల్లలు, ఎక్కడెక్కడివాళ్ళో, చిన్న చిన్న గళ్ళలో పళ్ళు ఇకిలిస్తున్నారు. మా అమ్మాయి మొహం కందగడ్డలా అయిపోయింది. ఆయన జవాబు చెప్పడానికి నోరు తెరుస్తుండగానే అది ఫోన్ కట్ చేసేసింది. లేచి వెళ్ళి గోడ మీది బొమ్మలన్నీ ఒక్కొక్కటీ పీకి, చుట్టచుట్టి, రబ్బరు బ్యాండు వేసి బీరువా మీద పడేసింది.

"నాను ఎల్లను పరీక్షకి. ఎల్లను. అంతే."

ఏడవను కూడా లేదు. ఏడ్చి ఉంటే నాకింత భయం వేసేది కాదు. అన్నం తినేది, వంటింట్లో సాయం చేసేది, తాత ఉన్న గదిలోకి మాత్రం వెళ్ళేది కాదు. మావగారు ఉయ్యాల విప్పేసి తాడు చుట్టి పెట్టేశారు. టీవీ పెట్టడం మానేశారు. పెరట్లో ఆ మొక్క దగ్గర నిలబడి ఉత్తినే దాన్ని చూస్తూ ఉండేవారు. ఒకసారి నా దగ్గరికొచ్చి, "నాను తప్పేటన్నాను కోడలా? తెలిసినోడు కదా, అడిగేను" అన్నారు. ఆయన్ని నాలుగు తిట్టాలని నోటిదాకా వచ్చింది. కానీ ఆ మొహం చూస్తే నాకే ఏడుపొచ్చింది. ఇల్లు ఇల్లులా లేదు. పరీక్ష దగ్గరికొచ్చేస్తోంది, హాల్ టికెట్ వచ్చి ఫోన్లో అలా పడి ఉంది, దాన్ని ప్రింటు తీయించేవాళ్ళు లేరు.

కోచింగ్‌వాళ్ళు జరిగిన క్లాసులన్నీ రికార్డు చేసి గ్రూపులో పెడతారు. ఫీజు కట్టింది నా నంబరుతో కాబట్టి నాకూ వస్తాయి. ఒక మధ్యాహ్నం జాకెట్టుకి హుక్కులు కుడుతూ దాన్ని తెరిచాను. మా గడి మాయమైన తర్వాత ఆయనేం చెప్పారో చూద్దామని. నవ్వి ఉంటే వాళ్ళింటికెళ్ళి మరీ దులిపేద్దామనుకున్నాను.

ఆయన నవ్వలేదు. నవ్వుతున్న పిల్లల్ని ఆగమని చెయ్యి చూపించారు.

రెండు నిమిషాలు విని నేను హుక్కులు పక్కన పడేశాను. ఫోన్ తీసుకెళ్ళి హాలు మధ్యలో బల్ల మీద పెట్టి, సౌండు ఎంత పెరుగుతుందో అంతా పెంచి, మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. పిలిస్తే రాదు ఆ మొండిఘటం, నాకు తెలుసు. గొంతు మాత్రం ఇల్లంతా వినబడింది.

"అలా నవ్వకండి. నేను మొదటి ఫ్లైట్లలో కక్కకుండా దిగిందే లేదు. దిగగానే మా మేష్టారు బకెట్టూ, గుడ్డా ఇచ్చేవారు. ఎవరు కక్కితే వాళ్ళే విమానం కడుక్కోవాలి, అదీ అక్కడి పద్ధతి. నేను చాలా శుభ్రంగా కడిగేవాణ్ణి." ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి, మోకాలి పైన తొడ మీద చరిచి చూపించారు. "ఇక్కడ మా డ్రెస్సుకి జేబుంటుంది. ఈ జేబులో ఎప్పుడూ ఓ సంచి ఉండేది. ఇక రోదసికి వెళ్ళినవాళ్ళు చూడండి. ఏళ్ళ తరబడి జెట్లు గిరగిరా తిప్పినవాళ్ళే. అక్కడికి వెళ్ళగానే మొదటి రోజుల్లో వాళ్ళలో చాలామందికి వాంతులు. వాళ్ళకీ సంచులిస్తారు. ఫొటోల్లో చూపించరంతే. చాలామందికి ఒళ్ళు నెమ్మదిగా అలవాటు పడుతుంది. కొందరికి పడదు, వాళ్ళు వేరే పని చూసుకుంటారు, అదీ నిజమే. కానీ అది బస్సులో తేలదు. ఆ పాపకి ఎవరైనా చెప్పండి. కక్కినందుకు ఎవరినీ పంపించెయ్యరు. కక్కేక చేతిలో పని ఆపేశావా, చేస్తున్నావా, మాకు అదే చూసేవారు. ఆ తాతగారికి నా నమస్కారం చెప్పండి. మంచి ప్రశ్న అడిగారు."

తలెత్తి చూస్తే అది వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో గరిటెతో. ఇటు గదిలోంచి మావగారు. ఒకరినొకరు చూసుకోలేదు. మావగారు మాత్రం గొంతు సవరించుకుని, "మంచి పెస్న అన్నాడు" అన్నారు, ఎవరితోనూ కాకుండా.

"వెనక్కి జరుపమ్మా" అంది అది. "జేబు ఎక్కడన్నాడు?"

బొమ్మలు మళ్ళీ గోడెక్కాయి. ఈసారి వాటిని అతికిస్తూ ఒక్కొక్కరి కాలి జేబూ దగ్గరగా చూడడం మొదలుపెట్టింది. "ఇదిగో తాతా, ఈవిడిది ఉబ్బుంది సూడు. ఇందులో ఉంది సంచి." మావగారు కళ్ళజోడు తెచ్చుకున్నారు.

పరీక్ష రోజున తెల్లారే బయల్దేరాం. మావగారు కూడా వస్తానన్నారు. వద్దంటే వినలేదు. ట్రయల్ రన్ జరిగేటప్పుడు పాత ఆపరేటర్ అక్కడ ఉండాలట. ఫ్యాక్టరీకి జీవితమంతా సైకిలు మీదే వెళ్ళిన మనిషి. ఆయన విశాఖపట్నం బస్సెక్కి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. కిటికీ పక్క సీటు నాదంటే నాదని ఆయనే కూర్చున్నారు. మధ్యలో అది, జరీ సంచి మణికట్టుకి తగిలించుకుని, చేతిలో లెక్కల సూత్రాల పుస్తకం పట్టుకుని. ఇవతల నేను. ఆ పాత కండక్టరే వచ్చి, "కవరుందామ్మా?" అన్నాడు. అది చెయ్యెత్తి సంచి చూపించింది. "జరీయా!" అని మెచ్చుకున్నాడు.

వెంకన్నపాలెం దాటాం. దానికేం కాలేదు. నేను దాని మొహమే చూస్తున్నాను. మావగారు ఎందుకో కబుర్లు ఆపేశారు. సబ్బవరం వచ్చేసరికి ఆయన మీసం మీద చెమటలు. "మావయ్యా?" అన్నాను. ఆయన ఏదో చెప్పబోయి బుగ్గలు పూరించారు.

నేను కొంగు వెతుక్కునే లోపలే మా అమ్మాయి మణికట్టు మీంచి సంచి లాగి, మూతి తెరిచి, ఆయన గడ్డం కింద పెట్టేసింది. ఒక చేత్తో నుదురు పట్టుకుంది. ఎంత నేర్పో చెప్పలేను. ఒక్క చుక్క బయట పడలేదు. నాడా బిగించి, ముడేసి, కాళ్ళ దగ్గర పెట్టింది. బస్సంతా వెనక్కి తిరిగి చూసింది. కండక్టరు అయోమయంగా, "ఎప్పుడూ పాప కదమ్మా కక్కేది?" అన్నాడు.

మావగారు కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నారు. సిగ్గుతో మనిషి సగమైపోయారు. అది ఆయన చెవి దగ్గరికి వంగి, "ఏటి కాదు తాతా. మడ్డి పోయింది. ఇంక పంచదారే" అంది.

"బస్సు మడ్డే" అన్నారాయన నీరసంగా.

ఆ వాసనకి పెందుర్తి దగ్గర దాని వంతు వచ్చింది. సంచి లేదు, నిండిపోయింది. హాల్ టికెట్ పెట్టుకున్న ప్లాస్టిక్ కవరు ఒక్కటే ఉంది. ముందు హాల్ టికెట్ తీసి నా చేతిలో పెట్టింది. పుస్తకంలో చదువుతున్న పేజీలో వేలు పెట్టి మూసింది. అప్పుడు కక్కింది. అయిపోయింది, పందెం పోయింది, ఇక ఇక్కడే దిగిపోయి వెనక్కి వెళ్దామంటుంది అనుకున్నాను. అది కవరు మూతి ముడేసి నాకిచ్చింది. సీసాలో నీళ్ళతో నోరు పుక్కిలించి, వేలు పెట్టిన పేజీ తెరిచి, ఆగిన చోటి నుంచి మళ్ళీ చదవడం మొదలుపెట్టింది.

నేను ఒక చేతిలో కవరు, ఒక చేతిలో హాల్ టికెట్ పట్టుకుని, కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక అలాగే కూర్చున్నాను.

పరీక్ష సెంటరు బయట కుళాయి దగ్గర మొహం కడుక్కుని, "అమ్మా, నోరు వాసనొస్తందా?" అని అడిగింది. లేదని అబద్ధం చెప్పాను. లోపలికి వెళ్ళిపోయింది. గేటు దగ్గర పిల్లల తల్లిదండ్రులు గుంపుగా ఉన్నారు. ఒకాయన మావగారితో మాట కలిపి, వాళ్ళబ్బాయికి ప్రయాణం పడదని, అందుకే ముందుగా మాత్ర వేయించానని చెప్పాడు. మావగారు ఆయన భుజం మీద జాలిగా చెయ్యి వేశారు. "మడ్డి లోపలే ఉండిపోయిందన్నమాట. మాది కక్కేసి మరీ ఎల్లింది బాబూ. నానూ కక్కేను."

రాత పరీక్ష అది పాసైంది. ఇప్పుడు ఇంటర్వ్యూకి ఎక్కడో ఉత్తరాదికి రమ్మన్నారు. వెళ్ళాలంటే రైలు, రైలు దిగి బస్సు, ఆ బస్సు దిగి ఇంకేదో. పెరట్లో ఉయ్యాల మళ్ళీ వేలాడుతోంది. ఈసారి తాతా మనవరాలూ వంతులవారీగా ఎక్కుతున్నారు, "వాష్" కొట్టే డ్యూటీ నాకు పడింది. మావగారు ఆయనకీ ఒక సంచి కావాలని, దానికి జరీ ఉండాలని ఆర్డరిచ్చారు.

మా అమ్మాయి మాత్రం జరీ వద్దంది. నిన్న దాని పాత ప్యాంటు ఒకటి పట్టుకొచ్చి, వేసుకుని, నా మిషన్ ముందు నిటారుగా నిలబడింది. మోకాలి పైన చరిచి చూపించింది.

"సంచి ఇక్కడ పట్టాలమ్మా. జేబు కొలత తీసుకుని కుట్టు. ముందు ముందు డ్రెస్సు మారినా జేబు ఇక్కడే ఉంటాది."

నేను టేపు మెడలోంచి తీసి, నేల మీద కూర్చుని, దాని తొడ మీద సుద్దముక్కతో గీత గీశాను.